ముప్పావు అంగుళం పైపు

అతన్ని అందరూ చిన్న మేస్త్రి అంటారు. యాభై ఆరేళ్ళొచ్చి తల ముగ్గుబుట్టయినా చిన్న మేస్త్రే. ఎందుకంటే పెద్ద మేస్త్రి వేరే ఉన్నాడు. ఆయన ఇతని సొంత అన్న. ఇద్దరూ కలిసి ఇరవై ఆరేళ్ళు ఇళ్ళకు నీళ్ళ పైపులు వేశారు. ఇద్దరి మధ్యా మాటల్లేక ఎనిమిదేళ్ళయింది. పిలుపులు మాత్రం అలాగే ఉండిపోయాయి.

చిన్న మేస్త్రి పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని కాదు, ఇవాళా రేపూ అంటుంటే వయసు దాటిపోయింది. అన్న ఇంట్లోనే ఉండేవాడు, వదిన వండింది తినేవాడు, సాయంత్రం అరుగు మీద అన్నతో కూర్చుని మర్నాటి పని గురించి మాట్లాడుకునేవాడు. లోటు తెలియలేదు. ఇప్పుడు సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక గదిలో అద్దెకున్నాడు. మంచం, స్టవ్వు, ఒక కుర్చీ. ఇంకో కుర్చీ కొందామని ఒకసారి బేరం దాకా వెళ్ళి, కూర్చునేదెవరని వెనక్కి వచ్చేశాడు. పొద్దున లేవగానే రేడియో పెడతాడు. అందులో ఏం చెబుతున్నారో పట్టించుకోడు. గదిలో ఇంకో గొంతు వినబడితే చాలు.

చలికాలంలో ఒక మంగళవారం పైపుల కొట్టు యజమాని ఫోన్ చేశాడు.

"ఒక పళ్ళ డాక్టరమ్మ ఇల్లయ్యా. కింద క్లినిక్కు, మీద మూడంతస్తులు. పై అంతస్తులో వేడినీళ్ళు ఓసారి ఒళ్ళు కాలేట్టు వస్తాయట, ఓసారి మంచులా వస్తాయట. ఇద్దరు చూశారు, తేల్చలేకపోయారు. నువ్వైతే తేలుస్తావని చెప్పాను. పరువు తియ్యకు."

అడ్రసు రాసుకున్నాడు. ఆ వీధి పేరు ఎప్పుడూ విన్నట్టనిపించలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని అడుగుతూ అడుగుతూ వెళితే, మలుపు తిరగ్గానే తెలిసింది. పేరు మార్చారంతే, వీధి పాతదే. చివర సన్నగా, పొడుగ్గా, నిలబెట్టిన అగ్గిపెట్టెలా ఉన్న ఆ ఇల్లూ పాతదే. గోడలకు రంగు మారింది. అప్పట్లో అది ఒక చెప్పుల వ్యాపారిది. దానికి పైపులు వేసింది తనూ, అన్నా.

చిన్న మేస్త్రి రోడ్డుకు ఇవతలే ఆగిపోయాడు.

ఇల్లు పూర్తయిన ఏడాది చలికాలంలోనే చెప్పుల వ్యాపారి ఇద్దర్నీ పిలిపించాడు. పైన వేడినీళ్ళు సరిగ్గా రావడం లేదన్నాడు. ఆయన బావమరుదులు ఇద్దరు, రంగులు వేసేవాళ్ళు, వడ్రంగి, అందరూ మెట్ల దగ్గర మూగారు. "తప్పెవరిది? నాకది కావాలి" అన్నాడు వ్యాపారి. అన్న తలెత్తి పైపుల వంక చూస్తూ ఆలోచిస్తున్నాడు. ఆయనకు దేనికైనా కాస్త టైం పడుతుంది. ఈలోగా చిన్న మేస్త్రి నోరు జారాడు. "నేనప్పుడే చెప్పాను, నిలువు లైనుకి అంగుళం పైపు వెయ్యాలని. ఆయనే ముప్పావు చాలన్నాడు. అందుకే పైకి వేడి అందట్లేదు."

నిజానికి అంత గట్టిగా చెప్పిందేమీ లేదు. ఎప్పుడో టీ తాగుతూ అంగుళమైతే ఎలా ఉంటుందంటావని అడిగాడు, ముప్పావు సరిపోతుందిలేరా అన్నాడు అన్న, అక్కడితో అయిపోయింది. కానీ ఆ రోజు అంతమంది ముందు తన మీదికి రాకుండా చూసుకోవాలనిపించింది. అన్న అతని వంక ఒక్కసారి చూశాడు. పానా సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళాక కూడా గొడవేమీ జరగలేదు. భోజనం దగ్గర మాత్రం, "రేపట్నుంచి నీ పనులు నువ్వు చూసుకోరా" అన్నాడు. చిన్న మేస్త్రికి రోషం వచ్చింది. నాలుగో రోజుకి గది చూసుకున్నాడు. వదిన రెండు గిన్నెలూ ఒక దుప్పటీ మూట కట్టి ఇచ్చింది. ఆపమని ఆమె మొగుడితో చెప్పిందో లేదో తెలియదు.

ఇప్పుడు ఆ తలుపు ముందు నిలబడి, వెనక్కి వెళ్ళిపోతే పైపుల కొట్టాయనకు ఏం చెప్పాలా అని ఆలోచించాడు. ఏమీ తోచలేదు. బెల్లు కొట్టాడు.

డాక్టరమ్మకు నలభై ఉంటాయి. మాస్కు గడ్డం కిందికి లాగి, చేతులకు గ్లవుజులతోనే తలుపు తీసింది. "మేస్త్రిగారా? రండి. నాకు లోపల పేషెంటున్నారు. అన్నీ మా అత్తయ్య చెబుతుంది, మూడో అంతస్తులో ఉంటుంది. నాలుగు రోజుల కింద ఆవిడ భుజం కాలింది. బొబ్బ కూడా లేచింది. అందుకే మీకు కబురుపెట్టించాను."

అత్తయ్యంటే డాక్టరమ్మ మేనత్త. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై నాలుగేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైంది. కిటికీ దగ్గర కూర్చుని పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతోంది. అతను మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతుంటే, ముందు కూర్చోమంది.

"ఒక్కడివే వచ్చావేం నాయనా? ముందొచ్చినవాళ్ళు ఇద్దరేసి వచ్చారు. వాళ్ళ వల్ల పనవలేదనుకో, కానీ ఇద్దరున్నారు."

"నేనొక్కణ్ణే చేస్తానమ్మా."

"ఎలా? పైన కుళాయి తిప్పి కింద బాయిలరు ఎలా చూస్తావు? మెడ సాచి చూడ్డానికి జిరాఫీవా?"

చిన్న మేస్త్రికి నవ్వొచ్చింది. అతను అలాంటప్పుడు కుళాయి తిప్పి వదిలేసి, మెట్లు దిగి వెళ్ళి, పైపు పట్టుకుని చూసి, మళ్ళీ మెట్లెక్కి వస్తాడు. ఇద్దరు మనుషులు గంటలో చేసే పని మూడు గంటలు పడుతుంది. ఎనిమిదేళ్ళ నుంచి అంతే. ఆ మాట చెప్పకుండా, "నీళ్ళు ఎప్పుడెప్పుడు ఎలా వస్తాయో చెప్పండమ్మా" అన్నాడు.

ఆవిడకు అన్నీ నోటికొచ్చు. "పొద్దున పదింటికి స్నానం. తిప్పగానే వేడి. సబ్బు రాసుకునేసరికి గోరువెచ్చన. కింద మా అమ్మాయి క్లినిక్కులో నీళ్ళు వాడిందంటే ఇక్కడ ఒక్కసారిగా చల్లన. పోనీ చలిలోనే కానిద్దామనుకుంటే, చెప్పాపెట్టకుండా సలసలా వచ్చి పడతాయి. మొదటివాడొచ్చి ఇక్కడి కుళాయి మార్చాడు. రెండోవాడొచ్చి బాయిలరులో కాయిలు మార్చాడు, వేడి బాగా పెంచి వెళ్ళాడు. వాడు పెంచాకే నా భుజం కాలింది."

"చూస్తాను" అన్నాడు చిన్న మేస్త్రి.

బాయిలరు కింద మెట్ల వెనక గదిలో ఉంది. గదంటే గది కాదు, ఒక మనిషి వంగి నిలబడే చోటు. ఆ పని చేసింది తనే. పై అంతస్తుల పైపులు అన్న వేసుకుంటూ వెళితే, కింద బాయిలరు దగ్గరి కనెక్షన్లు ఇతను చేశాడు. బాయిలరు నుంచి వేడి నీళ్ళు నిలువు లైనులో పైకి వెళతాయి. ఒక్కో అంతస్తుకీ ఒక్కో కొమ్మ. వాడనప్పుడు పైపులో నీళ్ళు చల్లారకుండా, పై నుంచి ఇంకో సన్న లైను నీళ్ళను మళ్ళీ బాయిలరుకి, చన్నీళ్ళు చేరే చోటికే, తిప్పి తెస్తుంది. దాన్ని రిటర్న్ లైనంటారు. దానికో చిన్న మోటారు, గంటకు కొంతసేపు తనంతట తనే తిరుగుతుంది.

లైటు వేసి చూశాడు. థర్మోస్టాటు డెబ్భై ఐదు మీద ఉంది. ఎవరైనా కాలతారు. నిలువు లైను వంక చూశాడు. ముప్పావు అంగుళం పైపు, అన్న వేసినట్టే నిటారుగా, గోడకు ఒక్క వెంట్రుక దూరం తేడా లేకుండా పైకి వెళుతోంది. చూడగానే పాత కోపం పాతగానే లేచింది. అదిగో, ముప్పావు. నేనన్నది అబద్ధమేం కాదు అనుకున్నాడు.

కానీ పని పని. ముందు కుళాయిల్లో లోపముందేమో చూడాలి. కొన్ని కుళాయిల్లో లోపల అరిగిపోయి చన్నీళ్ళు వేడి లైనులోకి దూరతాయి. బాయిలరులోకి వచ్చే చన్నీళ్ళ వాల్వు కట్టేసి, వేడి కుళాయి తిప్పితే తెలుస్తుంది. నీళ్ళు ఆగిపోతే కుళాయిల తప్పు లేనట్టు. వాల్వు కట్టేసి, పైకి వెళ్ళడానికి సంచి కింద పెట్టాడు. అప్పుడు మెట్ల పైనుంచి గొంతు వినబడింది.

"మేస్త్రీ, కుళాయి తిప్పనా?"

మూడంతస్తుల పైనుంచి మాట స్పష్టంగా, ఒక్క అక్షరం పోకుండా కిందికి దిగింది. ముప్పై నాలుగేళ్ళు అందరి మాటల్నీ అందరికీ కలిపిన గొంతు. పై నుంచి అలా ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో అతనికి బాగా తెలుసు.

"తిప్పండమ్మా. వేడిది."

"తిప్పాను. వస్తున్నాయి. సన్నబడ్డాయి. ఆగిపోయాయి."

"రెండో అంతస్తులో?"

అడుగుల చప్పుడు. ఒక తలుపు. "ఇక్కడా లేవు."

కుళాయిల తప్పు కాదు. వాల్వు మళ్ళీ తెరిచాడు. ఇక మిగిలింది నిలువు లైనే అనుకుంటూ రెండు పైపుల మీదా చెరో చెయ్యి వేశాడు. నిలువు లైను కాలుతోంది, సరే. రిటర్న్ లైను వెచ్చగా ఉంది, అదీ సరే.

"ఇప్పుడు మీ బాత్రూంలో పూర్తిగా తిప్పండి. తిప్పి, రెండో అంతస్తులో కూడా తిప్పండి."

"రెంటికీ పరిగెత్తాలంటే నా వయసు చూడు నాయనా. నెమ్మదిగా వెళతాను, ఆగు."

ఆగాడు. పైన నీళ్ళ చప్పుడు మొదలైంది. కాసేపటికి రెండో చప్పుడు కలిసింది. అతని ఎడమ చెయ్యి కింద రిటర్న్ లైను చల్లబడింది. పైపు నల్ల స్పాంజి తొడుగు వేసుకుని ఉంది. తొడుగు లేని జానెడు మేర అతని అరచెయ్యి ఉంది. ముందు వెచ్చన తగ్గింది, తర్వాత చల్లన, తర్వాత జివ్వుమని చల్లన. ఆ చల్లదనం కింది నుంచి పైకి పాకుతోంది.

పైనుంచి కిందికి రావలసిన నీళ్ళు కింది నుంచి పైకి పోతున్నాయి. పైన కుళాయిలు తెరిచినప్పుడల్లా బాయిలరుకి వచ్చే చన్నీళ్ళు అడ్డదారిన రిటర్న్ లైనులోకి ఎక్కి, పై అంతస్తులో వేడినీళ్ళతో కలిసిపోతున్నాయి. వాడకం తగ్గి, మోటారు వంతు రాగానే అది సలసలా కాగిన నీళ్ళు తెచ్చిపెడుతోంది. దీనికీ ముప్పావు పైపుకీ సంబంధం లేదు.

అలా వెనక్కి పోకుండా ఆపడానికే రిటర్న్ లైను మీద వన్‌వే వాల్వు పెడతారు. నీళ్ళను ఒకవైపుకే పోనిచ్చే వాల్వు. అది చెడిపోయి ఉండాలి. సంచిలోంచి కత్తి తీసి మోటారు పక్కన తొడుగు నిలువునా కోశాడు.

అక్కడ వాల్వు లేదు. వాల్వు ఉండవలసిన చోట నాలుగంగుళాల మామూలు పైపు ముక్క ఉంది. దాని మెడకు ఎర్ర దారం చుట్టి, రెండు ముళ్ళు వేసి ఉంది.

చిన్న మేస్త్రి అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఎర్ర దారం అతని గుర్తు. ఏదైనా వస్తువు చేతిలో లేక తాత్కాలికంగా ముక్క వేస్తే, మర్చిపోకుండా దానికి ఎర్ర దారం చుట్టేవాడు. అన్న నవ్వేవాడు, నీకు మతిమరుపని పైపులక్కూడా తెలియాలా అని.

అంతా గుర్తొచ్చింది. ఆ రోజు కొట్లో వాల్వులు అయిపోయాయి. రేపు తెచ్చి వేద్దామని ముక్క బిగించాడు. ఆ సాయంత్రమే జ్వరం పట్టుకుంది. వారం రోజులు మంచం దిగలేదు. వదిన తడిగుడ్డ నుదుటి మీద మారుస్తూ పక్కనే కూర్చుంది. అన్న పగలంతా ఇక్కడ ఒక్కడే పనిచేసి, వచ్చి గుమ్మంలోంచే "ఎలా ఉందిరా" అని అడిగేవాడు. ఈలోగా తొడుగులు వేసేవాళ్ళొచ్చి దారం మీదే తొడుగు వేసేశారు. జ్వరం తగ్గి లేచేసరికి పని అయిపోయింది. అన్నకు అతను చెప్పలేదు. తనకే గుర్తులేదు. లోపల వాల్వు లేదని అన్నకెలా తెలుస్తుంది?

"మేస్త్రీ, కట్టెయ్యనా?" పైనుంచి అడిగింది.

రెండోసారి అడిగితే, "కట్టెయ్యండమ్మా" అన్నాడు.

కొట్టుకెళ్ళి వాల్వు తెచ్చాడు. పైపుల కొట్టాయన ఏదో అడిగాడు, ఇతను దేనికో జవాబు చెప్పాడు. తిరిగొచ్చి నీళ్ళు దింపి, ఆ ముక్క కోసి తీసి, వాల్వు బిగించాడు. రేపెవరైనా తేలిగ్గా విప్పుకునేలా రెండు వైపులా యూనియన్లనే మర అతుకులు వేశాడు. బాణం గుర్తు సరైన వైపుకే ఉందా అని మూడుసార్లు చూసుకున్నాడు. థర్మోస్టాటు యాభై ఐదుకు దించాడు. నీళ్ళు నిండి వేడెక్కేదాకా బాయిలరుకు వీపు ఆనించి కూర్చున్నాడు. గోడకవతల క్లినిక్కులో ఎవరో పిల్లాడు నోరు తెరవనని మారాం చేస్తున్నాడు.

తర్వాత అన్ని కుళాయిలూ ఒక్కసారే తెరిపించాడు. క్లినిక్కులో డాక్టరమ్మ తిప్పింది. వంటగదిలో, రెండో అంతస్తులో, మూడో అంతస్తులో పెద్దావిడ నెమ్మదిగా తిప్పుకుంటూ పైకి వెళ్ళింది. పది నిమిషాలు వదిలేశారు. చేతి కింద రిటర్న్ లైను వెచ్చగా, చల్లబడకుండా ఉంది.

"ఎలా ఉన్నాయమ్మా?"

"ఒకేలా ఉన్నాయి. తగ్గట్లేదు, పెరగట్లేదు. చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను."

"ధార సన్నబడిందా?"

"లేదే. బాగానే ఉంది."

నాలుగు అంతస్తులూ ఒక్కసారే వాడితే కూడా ముప్పావు పైపు చాలింది. అన్న అప్పట్లో అదే అన్నాడు, సరిపోతుందిలేరా అని.

వెళ్ళేముందు డాక్టరమ్మ పర్సు తీసింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "ఇది కొత్త పని కాదమ్మా. పాత పనిలో మిగిలిపోయింది. ఈ ఇంటికి పైపులు వేసింది మేమే." ఆమెకు అర్థం కాలేదు. మెట్ల మీద నిలబడ్డ మేనత్తకు సగం అర్థమైనట్టుంది. "మేమంటే?" అంది.

"నేనూ, మా అన్నయ్యా."

"మరాయన రాలేదేం?"

చిన్న మేస్త్రి సంచి భుజానికెత్తుకున్నాడు. ఇంకెవరికీ చెప్పుకోకుండా ఎనిమిదేళ్ళు దాచింది, అనుకోకుండా వచ్చిన ఆ ఇంటి మెట్ల మీద నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. పెద్దావిడ మధ్యలో అడ్డురాలేదు. అంతా విని, "ఫోను నంబరు ఇచ్చి వెళ్ళు నాయనా, మళ్ళీ నీళ్ళు తేడా వస్తే" అంది.

అన్న ఇల్లు అక్కణ్ణుంచి ముప్పావుగంట నడక. బస్సుంది, కానీ ఎక్కలేదు. నడిస్తే ఏం చెప్పాలో కుదురుతుందనుకున్నాడు. కుదరలేదు.

వదిన తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. అతన్ని చూసి, "నువ్వా" అంది, చీర కొంగుతో చేతులు తుడుచుకుని పక్కకు తప్పుకుంది. అన్న వరండాలో పీట మీద కూర్చుని పాత కుళాయి విప్పుతున్నాడు. ముందు ఒక గుడ్డ పరిచి, విప్పిన ముక్కల్ని వరసగా పేరుస్తున్నాడు. తలెత్తలేదు.

"అన్నయ్యా, చెప్పుల షావుకారి ఇల్లు. ఇవాళ అక్కడికి వెళ్ళాను."

అన్న చేతిలో ముక్కను గుడ్డ మీద పెట్టాడు.

"తప్పు నిలువు లైనుది కాదు. కింద రిటర్న్ లైనులో వాల్వు లేదు. నేను వెయ్యలేదు. ముక్క వేసి మర్చిపోయాను. జ్వరమొచ్చింది చూడు, అప్పుడు." జేబులోంచి ఆ నాలుగంగుళాల ముక్క తీసి గుడ్డ చివర పెట్టాడు. దారం ఇంకా దాని మీదే ఉంది.

అన్న దాన్ని ఎత్తి చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. వదిన గుమ్మంలో నిలబడిపోయింది. దాన్ని గుడ్డ మీద పెట్టి అన్న అన్నాడు. "ఆ తర్వాత నేను ముప్పావు వెయ్యలేదురా. ఎవరింటికైనా సరే, అవసరమున్నా లేకపోయినా అంగుళమే వేశాను. అక్కర్లేదయ్యా అని వాళ్ళు మొత్తుకున్నా వినలేదు." ఆగాడు. "నాలుగేళ్ళ నుంచి కొత్త ఇళ్ళు ఒప్పుకోవడమే మానేశాను. ధైర్యం చాల్లేదు. ఇదిగో, కుళాయిలు బాగుచేస్తున్నాను."

చిన్న మేస్త్రి నిలబడే ఉన్నాడు. తప్పయిపోయింది అనే మాట నాలుక చివరే ఉంది. ఆ మాట ఎనిమిదేళ్ళకు సరిపోయేలా కనబడలేదు. అయినా అన్నాడు. "తప్పయిపోయింది."

"ఏ వాల్వు వేశావు?" అన్నాడు అన్న.

"ఇత్తడిది. స్ప్రింగుది."

"అడ్డంగానా, నిలువుగానా?"

"నిలువుగా."

అన్న తలూపాడు. మళ్ళీ కుళాయి అందుకున్నాడు. వదిన, "లోపలికి రా, కూర్చో" అంది, మొగుడి వంక చూసి. అన్న రమ్మనలేదు, వద్దనలేదు. తడుముకుంటూ ఏదో చిన్న రబ్బరు ముక్క కోసం గుడ్డంతా వెతుకుతున్నాడు. అది ఆయన మోకాలి పక్కనే ఉంది. చిన్న మేస్త్రి వంగి దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టి, "వస్తాను వదినా" అని మెట్లు దిగాడు. వీధి చివర దాకా వెనక తలుపు మూసిన చప్పుడు వినబడలేదు. వినబడాలని అతనూ అనుకోలేదు.

ఆ రాత్రి కంటే మర్నాటి పొద్దు బరువుగా అనిపించింది. అన్నకు చెప్పాల్సిన మాట అయిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన మీద పెట్టుకున్న కోపమొకటి తోడుండేది, ఎంత కాదన్నా అది కూడా ఒక మనిషి లాంటిదే. ఇప్పుడు అదీ లేదు. రేడియోవాడు తనంతట తను మాట్లాడుకుంటున్నాడు. స్టవ్వు మీద నీళ్ళు మరిగి మరిగి సగమయ్యేదాకా మంచం మీదే కూర్చున్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట ఫోను మోగింది. అతను కొత్తగా కడుతున్న ఒక ఇంట్లో ఉన్నాడు. గోడలకింకా పూత లేదు. కూలీలు భోజనాలకు వెళ్ళారు.

"మేస్త్రీ, నేను. మూడో అంతస్తు."

"నీళ్ళు మళ్ళీ తేడా వచ్చాయా అమ్మా?"

"నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. అందుకు కాదు. పొద్దున ఒకాయన వచ్చాడు. నీకంటే పొడుగు. నువ్వే తక్కువ మాట్లాడతావనుకున్నాను, ఆయన ముందు నువ్వు వాగుడుకాయవి. పైపులు చూడాలన్నాడు. ఎవరు పంపారంటే ఎవరూ పంపలేదన్నాడు. మా అమ్మాయి భయపడింది. నేనే రానిమ్మన్నాను."

చిన్న మేస్త్రి ఇటుకల దొంతి మీద కూర్చున్నాడు.

"బాయిలరు గదిలోకి వెళ్ళాడు. పైన కుళాయి తిప్పమంటారా అని నేనే అడిగాను. తిప్పమన్నాడు. వస్తున్నాయా అన్నాడు. వస్తున్నాయన్నాను. వేడిగానా అన్నాడు. వేడిగానే అన్నాను. తర్వాత పావుగంట అయినా ఉలుకూ పలుకూ లేదు. వెళ్ళిపోయాడేమోనని దిగి వచ్చి చూస్తే, ఆ నిలువు పైపుని రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకుని. నేను వెనక్కి వచ్చేశాను, నన్ను చూడలేదు."

"ఏమన్నా అన్నాడా?"

"నాతో ఏమీ అనలేదు. టీ ఇస్తానంటే వద్దన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, తనలో తను అనుకున్నట్టు, యూనియన్లు వేశాడు, విప్పుకోడానికి తేలిక, మంచి పని చేశాడు అన్నాడు."

"ఇంకోసారి చెప్పండమ్మా."

ఆవిడ ఇంకోసారి చెప్పింది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. చెప్పి, ఫోను పెట్టెయ్యకుండా లైనులో అలాగే ఉంది.

"ఫోను చేసి మాట్లాడతావా ఆయనతో?" అంది చివరికి.

"చూడాలమ్మా."

"సరే. నాకు పదకొండు తర్వాత పనేం ఉండదు. ఎప్పుడైనా చెయ్యి. గళ్ళనుడికట్టులో సగం నాకు రావు."

చేస్తానన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాక కూడా ఇటుకల మీదే కూర్చున్నాడు. అన్న నంబరు అతనికి కంఠతా వచ్చు. ఆ రోజు చెయ్యలేదు, ఆ వారం చెయ్యలేదు. అన్న కూడా చెయ్యలేదు. ఆ మధ్యాహ్నం మాత్రం కూలీలు తిరిగొచ్చి సిమెంటు కలపడం మొదలుపెట్టారు. అతను లేచి బట్టలకంటిన దుమ్ము దులుపుకుని, పైపు కొలవడానికి టేపు ఒక కొస మేకుకి తగిలించి, రెండో కొస పట్టుకుని ఒక్కడే మెట్లెక్కాడు.